పంపు మార్చినా గుట్ట ఎక్కని పికప్: ఒక కేస్ స్టడీ

ఫిబ్రవరి చివర్లో, వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు మిర్చి జోరుగా వస్తున్న రోజుల్లో, ఈ బండి మా షెడ్డుకు వచ్చింది. బీఎస్ 4 పికప్. 2.5 లీటర్ల నాలుగు సిలిండర్ల కామన్ రైల్ ఇంజన్, అంటే హై ప్రెషర్ పంపు ఇచ్చే డీజిల్ ‘రైల్’ అనే ఒకే గొట్టంలో నిలిచి, అక్కడి నుంచి సిలిండర్లలోకి చిమ్మే ఇంజెక్టర్లకు పోయే రకం. లక్షన్నర కిలోమీటర్లు దాటి తిరిగింది. ఓనరే డ్రైవర్. మంగపేట వైపు ఊళ్ల నుంచి ఏటూరునాగారం, తాడ్వాయి, ములుగు మీదుగా వరంగల్‌కు మిర్చి బస్తాలు తెస్తాడు. పొద్దున జెండా పాట (ఆ రోజు ధర తేల్చే వేలం) మొదలయ్యే లోపు యార్డులో ఉండాలి కాబట్టి ప్రయాణమంతా రాత్రిపూటే. తాడ్వాయి అడవిలో అర్ధరాత్రి లోడుతో బండి ఆగితే ఆ టెన్షన్ ఎలా ఉంటుందో ఆ రూట్లో తిరిగేవాళ్లకు చెప్పక్కర్లేదు.

ఆయన చెప్పిన బాధ ఇది. లోడు మీద ఎత్తు ఎక్కేటప్పుడు, ముఖ్యంగా గట్టమ్మ గుట్ట దగ్గర, బండి గుంజే బలం ఒక్కసారిగా పడిపోతుంది, చెక్ లైట్ వెలుగుతుంది. తాళం ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే కాసేపు మామూలుగా పోతుంది. పొద్దున మొదటిసారి స్టార్ట్ చేయాలంటే సెల్ఫ్ చాలాసేపు కొట్టాలి. కిందటి వానాకాలంలో ఇదే బాధతో వేరే చోటికి వెళితే హై ప్రెషర్ పంపు పోయిందని చెప్పి రీబిల్ట్ పంపు వేశారు. కొన్నాళ్లు బాగానే నడిచింది. ఇప్పుడు అదే రోగం తిరగబెట్టింది. ఈసారి కూడా పంపే పోయిందని చెప్పారు. రెండో పంపు ఖర్చంటే ఆయనకు ఈ సీజన్ మిర్చి కిరాయిల్లో పెద్ద భాగమే.

రైల్‌లో ప్రెషర్ పడిపోతోందంటే పంపు పోయిందని తేల్చేయడం మన దగ్గర బాగా అలవాటైపోయింది. ఇది నాకు నచ్చదు. పంపు మధ్యలో ఉండే మనిషి. వెనక నుంచి దానికి డీజిల్ అందాలి, అది ఇచ్చినది ముందు ఎక్కడా కారిపోకుండా రైల్‌లో నిలవాలి. ఈ రెండూ సరిగ్గా ఉన్నాయని రుజువయ్యాకే పంపు మీద చేయి వేయాలి. ఈ బండి విషయంలో ఆ రుజువు కోసం ఏం చేశామో వివరంగా రాస్తున్నాను. స్కానర్ కొనుక్కుని, కోడ్ చదివి, అక్కడే ఆగిపోతున్న కుర్ర మెకానిక్‌లకు పనికొస్తుందని నా ఆశ.

ముందు ఈ ఇంజన్‌లో డీజిల్ దారి గురించి. ట్యాంకులో కరెంటు పంపు లేదు. హై ప్రెషర్ పంపు వెనకే ఒక చిన్న గేర్ పంపు ఉంటుంది. ఇంజన్ తిరిగినప్పుడు అదే ట్యాంకు నుంచి డీజిల్‌ను గుంజుతుంది. ట్యాంకులోంచి డీజిల్ పీల్చే పికప్ పైపు, రబ్బరు హోసు, ఛాసీ వెంబడి ఇనుప పైపు, చేత్తో నొక్కి లైన్లోకి డీజిల్ ఎక్కించే హ్యాండ్ ప్రైమర్, నీళ్లు వేరుచేసే ఫిల్టర్, ఇవన్నీ దాటి డీజిల్ పంపుకు చేరాలి. అంటే ట్యాంకు నుంచి పంపు దాకా ఉన్న దారంతా పీల్పు మీదే పనిచేస్తుంది. పీల్చే లైన్లో చిల్లు పడితే డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. కింద ఒక్క చుక్క కూడా కనబడదు. అందుకే ‘లీకేజీ లేదు’ అని కళ్లతో చూసి చెప్పే మాటకు ఇక్కడ విలువ లేదు.

పంపు లోపలికి ఎంత డీజిల్ వదలాలో మీటరింగ్ వాల్వ్ చూసుకుంటుంది. ఈ రకం పంపులో కరెంటు లేనప్పుడు ఆ వాల్వ్ తెరిచే ఉంటుంది, ఈసీయూ (ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్) కరెంటు పెంచేకొద్దీ మూసుకుంటుంది. పంపు నుంచి రైల్‌కు, రైల్ నుంచి నాలుగు ఇంజెక్టర్లకు పోయే డీజిల్ ఐడిల్‌లోనే 250 నుంచి 300 బార్ (బార్ అంటే ప్రెషర్ కొలత) దగ్గర ఉంటుంది. లోడు మీద 1,000 బార్ దాటిపోతుంది.

పని మొదలుపెట్టే ముందు ఆయనను కూర్చోబెట్టి మాట్లాడాను. ఎప్పుడు పడిపోతుంది, వేడి మీదనా చల్లగా ఉన్నప్పుడా, ఖాళీగా పోయేటప్పుడు కూడా జరుగుతుందా, డీజిల్ ఎక్కడ పోయిస్తాడు. ఆ మాటల్లోనే ఆయన ఒకటి అన్నాడు: “అన్నా, ట్యాంకు నిండుగ ఉంటే బండి మంచిగనే గుంజుతది. సగం దిగినంకనే ఈ లొల్లి షురూ అయితది. మీటర్ తప్పు చూపెడుతుందేమో అనుకున్న.”

నా దృష్టిలో ఈ కేసులో అన్నిటికన్నా విలువైన సమాచారం ఇదే. పంపు అరిగిపోతే ట్యాంకు నిండుగా ఉన్నా, సగమే ఉన్నా దానికి తేడా ఉండదు. ఇంజెక్టర్ లీకైనా అంతే. ట్యాంకు మట్టంతో పాటు మారే రోగం ట్యాంకు వైపే ఉండాలి. కానీ అనుమానం అనుమానమే. కొలతతో తేల్చాలి.

స్కానర్ పెట్టాం. పి0087, అంటే రైల్ ప్రెషర్ కావాల్సిన దానికన్నా తక్కువ. ఈ కోడ్ ఫలితాన్ని మాత్రమే చెబుతుంది, కారణాన్ని చెప్పదు. అందుకే లైవ్ డేటాకు వెళ్లాం. ఐడిల్‌లో ఈసీయూ అడిగింది 280 బార్, వస్తున్నది 240కీ 310కీ మధ్య ఊగుతోంది. బండిలో ఇసుక బస్తాలు వేసి ములుగు రోడ్డు మీదికి తీసుకెళ్లి గేరు పెద్దదిగా ఉంచి పూర్తిగా రేజ్ ఇచ్చాం. అడిగింది 1,300 దగ్గరికి పోయింది, వచ్చింది 800 దాటలేదు. చెక్ లైట్ వెలిగింది, ఇంజన్ లింప్ మోడ్‌లోకి పోయింది, అంటే దెబ్బతినకుండా ఈసీయూ దాని బలం తగ్గించేసింది. ఆ సమయంలో మీటరింగ్ వాల్వ్ కరెంటు ఎటు పోతోందో చూడటం ముఖ్యం. అది బాగా కిందికి దిగింది. అంటే ఈసీయూ వాల్వ్‌ను పూర్తిగా తెరిచి ‘ఇంకా ఇవ్వు’ అంటోంది, అయినా ప్రెషర్ పెరగడం లేదు. అలాంటప్పుడు మిగిలేవి మూడే: పంపుకు డీజిల్ అందడం లేదు, లేదా పంపు అరిగింది, లేదా ఇచ్చిన డీజిల్ ఇంజెక్టర్ల నుంచో, ప్రెషర్ మరీ పెరిగితే వదిలేసే రైల్ రిలీఫ్ వాల్వ్ నుంచో రిటర్న్‌లోకి, అంటే ట్యాంకుకు తిరిగి పోయే పైపులోకి పోతోంది.

కరెంటు వైపు తొందరగానే ముగించాం. ఇంజన్ ఆపి ప్రెషర్ పూర్తిగా దిగాక రైల్ సెన్సర్ సిగ్నల్ అర వోల్ట్ దగ్గర ఉంది, సప్లై 5 వోల్టులు ఉంది. మీటరింగ్ వాల్వ్ కాయిల్ 3 ఓమ్‌ల దగ్గర చూపింది, కనెక్టర్ పిన్నులు శుభ్రంగా ఉన్నాయి. సెల్ఫ్ కొట్టేటప్పుడు బ్యాటరీ వోల్టేజీ బాగానే నిలిచింది. వీటిని వదిలేసి డీజిల్ వైపు వచ్చాం.

ఫిల్టర్‌కూ పంపుకూ మధ్య ఒక పారదర్శక హోసు ముక్క వేశాం, దాని పక్కనే వాక్యూమ్ గేజ్ కూడా పెట్టాం. ఈ రెండూ కలిపి చూస్తేనే కథ అర్థమవుతుంది. ఫిల్టర్ మూసుకుపోయినా, హోసు లోపల పొర ఊడి అడ్డం పడినా పంపు గట్టిగా గుంజాల్సి వస్తుంది కాబట్టి గేజ్‌లో వాక్యూమ్ ఎక్కువ చూపుతుంది. గాలి చొరబడుతుంటే గేజ్‌లో వాక్యూమ్ తక్కువగానే ఉంటుంది, హోసులో బుడగలు కనిపిస్తాయి. మాకు గేజ్ ముల్లు దాదాపు కదల్లేదు. హోసులో మాత్రం సన్నని బుడగల వరుస. రేజ్ చేస్తే అది తెల్లటి నురగలా మారింది. ఆ రోజు ట్యాంకు పావు వంతే ఉంది.

గాలి కలిసిన డీజిల్‌తో పంపు పడే బాధ రెండు రకాలు. పంపు లోపల డీజిల్‌ను నొక్కే ప్లంజర్ తోసినప్పుడు గాలి నొక్కుకుపోతుంది తప్ప ప్రెషర్ రాదు, ఆ స్ట్రోక్ వృథా. రెండోది మరీ ప్రమాదం. ఈ పంపు లోపలి భాగాలకు వేరే ఆయిల్ లేదు, డీజిలే వాటికి లూబ్రికేషన్, చల్లదనం కూడా డీజిలే. గాలితో నెలల తరబడి నడిస్తే మంచి పంపు కూడా అరుగుతుంది. వానాకాలంలో తీసేసిన మొదటి పంపు నిజంగా పోయిందో, ఇలాంటి గాలి వల్ల దాని మీద నింద పడిందో తేల్చడానికి అది మా ముందు లేదు, ఎక్స్ఛేంజ్‌లో వెళ్లిపోయింది. అప్పుడు పంపుతో పాటు ఫిల్టర్ మార్చి, ట్యాంకు నిండా పోయించి పంపారని ఓనర్ చెప్పాడు. ఆ తర్వాత కొన్నాళ్లు బాగా నడిచిందంటే అందులో నిండిన ట్యాంకు పాత్ర ఎంతో ఉండి ఉంటుందని నా అభిప్రాయం.

తర్వాత చేసిందే ఈ కేసులో తీర్పు ఇచ్చిన పరీక్ష. బండి ట్యాంకును పూర్తిగా పక్కన పెట్టి, శుభ్రమైన డీజిల్ నింపిన క్యాన్‌ను వెనక లోడు బాడీలో గట్టిగా కట్టాం. ఫిల్టర్ ఇన్‌లెట్‌కు క్యాన్ నుంచి కొత్త హోసు ఇచ్చాం. రిటర్న్ పైపును కూడా అదే క్యాన్‌లోకి మళ్లించాం. రిటర్న్ మళ్లించకపోతే క్యాన్ చూస్తుండగానే ఖాళీ అవుతుంది, మళ్లీ గాలి పడుతుంది, పరీక్ష తప్పుదోవ పడుతుంది. రిటర్న్ డీజిల్ వేడిగా వస్తుంది కాబట్టి ఇనుప క్యాన్ వాడాలి. ఎక్కువ దూరం పోకూడదు. క్యాబిన్‌లో ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టకూడదు. హ్యాండ్ ప్రైమర్‌తో గాలి తీసి స్టార్ట్ చేశాం. బుడగలు ఒకటి రెండు నిమిషాల్లో పోయి హోసులో డీజిల్ అద్దంలా నిలిచింది.

అదే ఇసుక లోడుతో, అదే రోడ్డు మీద, అదే గేరులో మళ్లీ పరీక్షించాం. ఈసీయూ అడిగింది 1,300, వచ్చింది 1,280 చుట్టూ. ఐడిల్‌లో ఊగడం పోయింది. కోడ్ రాలేదు. పక్క సీట్లో కూర్చుని స్కానర్ చూస్తున్న ఓనర్‌కు ఎవరూ వివరించాల్సిన అవసరం లేకపోయింది. రెండో పంపు బాగానే ఉంది. రోగం ట్యాంకుకూ ఫిల్టర్‌కూ మధ్య ఉంది.

అక్కడి నుంచి ఒక్కొక్క భాగాన్ని కలుపుతూ వచ్చాం. ఛాసీ పైపును క్యాన్‌కు కలిపితే బుడగలు లేవు. ట్యాంకు మీది రబ్బరు హోసు కొత్తది వేసి, క్లిప్పులు మార్చి ట్యాంకుకు కలిపితే బుడగలు వచ్చాయి. ఇక ట్యాంకు దింపక తప్పలేదు.

ఫ్యూయల్ గేజ్ యూనిట్‌తో కలిసి ఉండే పికప్ పైపును బయటికి తీసి చూస్తే, ఫ్లోట్ బ్రాకెట్ అతికించిన చోట, దాదాపు సగం ఎత్తులో, తుప్పు. పైపు అడుగును వేలితో మూసి, నీళ్ల తొట్టిలో ముంచి, పై నుంచి మెల్లగా గాలి పంపితే ఆ తుప్పు కింద నుంచి సన్నగా బుడగలు వచ్చాయి. చిల్లు సూదిమొన అంత. ట్యాంకు సగం పైన ఉన్నంతసేపు ఆ చిల్లు డీజిల్‌లో మునిగే ఉంటుంది, పీల్చినా డీజిలే పీలుస్తుంది. మట్టం సగం కిందికి దిగాక చిల్లు పడ్డ స్ట్రాతో కొబ్బరి నీళ్లు తాగినట్టే. పెద్ద గేరులో పూర్తి రేజ్ ఇచ్చినప్పుడు పంపు ఎక్కువ డీజిల్ అడుగుతుంది, గాలీ ఎక్కువ పీలుస్తుంది. దానికి తోడు ఎత్తు మీద ట్యాంకులో డీజిల్ ఒక పక్కకు ఒరిగి చిల్లు ఇంకా బయటపడుతుంది. గట్టమ్మ దగ్గరే బండి మొండికేయడానికి కారణం ఇది. రాత్రంతా ఆగి ఉన్నప్పుడు ఆ చిల్లులోంచి గాలి పోయి, లైన్లోని డీజిల్ ట్యాంకులోకి జారిపోతుంది. పొద్దున పంపు ఖాళీ లైన్ నింపుకుని రైల్‌లో దాదాపు 200 బార్ తేవాలి, అప్పటిదాకా ఈసీయూ ఇంజెక్టర్లను తెరవదు. సెల్ఫ్ అంతసేపు కొట్టడం అందుకే. మూడు బాధలకూ ఒకే చిల్లు.

చిల్లుకు ఎం-సీల్ పెట్టి పంపేయమని షెడ్డులోనే ఒకరు సలహా ఇచ్చారు. నేను ఒప్పుకోలేదు. అలాంటి అతుకులు డీజిల్‌లో నానుతూ ఉంటే కొన్నాళ్లకు ఊడి వస్తాయి, ముక్కలు స్ట్రెయినర్‌లో చేరతాయి. ఆ రోజు ఆయన తాడ్వాయి దాటి అడవిలో ఉంటాడు. యూనిట్ మొత్తం కొత్తది వేశాం. ట్యాంకు అడుగున నీళ్లు, గోధుమ రంగు బురద చేరి ఉన్నాయి. పూర్తిగా ఖాళీ చేసి, కడిగి, ఆరబెట్టి ఎక్కించాం. పాత ఫిల్టర్‌ను కోసి కాగితం మడతలు విప్పి అయస్కాంతం తిప్పి చూశాం. బురద ఉంది కానీ ఇనుప రజను లేదు. ఇది చూడకుండా వదలొద్దు. రజను కనబడి ఉంటే పంపు లోపల లోహం రాసుకుపోతున్నట్టు, అది రైల్‌లోకి, ఇంజెక్టర్లలోకి, రిటర్న్ గుండా ట్యాంకులోకి కూడా చేరినట్టు. అప్పుడు మొత్తం లైన్ శుభ్రం చేయకుండా కొత్త పంపు వేస్తే ఆ పంపు కూడా అదే దారిన పోతుంది.

బండి సరిగ్గా నడుస్తున్నా ముందు వైపు కూడా చూసి పంపాలని ఇంజెక్టర్ల రిటర్న్ పరీక్ష పెట్టాం. నాలుగు ఇంజెక్టర్ల రిటర్న్ గొట్టాలు విడివిడిగా నాలుగు సీసాల్లోకి ఇచ్చి, వేడి మీద ఐడిల్‌లో నడిపితే, మూడో ఇంజెక్టర్ సీసాలో మిగతావాటికి దాదాపు రెట్టింపు డీజిల్ చేరింది. రైల్ రిలీఫ్ వాల్వ్ రిటర్న్‌లో మాత్రం చుక్క లేదు. మూడో ఇంజెక్టర్ లోపల వాల్వ్ సీటు అరగడం మొదలైందని దీని అర్థం. ఇప్పుడు పంపు దాన్ని భరించగలుగుతోంది. ముదిరితే వేడి మీద స్టార్ట్ కష్టమవుతుంది, మళ్లీ పి0087 వస్తుంది, మళ్లీ ఎవరో ఒకరు పంపు పోయిందంటారు. ఇదంతా ఓనర్‌కు సీసాలు చూపించి చెప్పాను.

“సీజన్ అయ్యేదాక ఆగుతదా అన్నా?” అని అడిగాడు. లోడు మీద ప్రెషర్ పూర్తిగా అందుతోంది కాబట్టి ఆగొచ్చన్నాను. వేడి మీద సెల్ఫ్ ఎక్కువసేపు కొట్టాల్సి వస్తే మాత్రం మళ్లీ ఆలోచించకుండా రమ్మన్నాను.

ఈ పనిలో ఒక విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. పాత ఇన్‌లైన్ పంపుల కాలంలో గాలి తీయడానికి ఇంజెక్టర్ దగ్గర పైపు నట్టు వదులు చేసి సెల్ఫ్ కొట్టేవాళ్లం. ఆ అలవాటు ఇంకా చాలామంది చేతుల్లో ఉంది. కామన్ రైల్ ఇంజన్ నడుస్తుండగా గానీ, సెల్ఫ్ కొడుతూ గానీ హై ప్రెషర్ నట్టు విప్పకూడదు. ఆ ప్రెషర్ మీద వచ్చే సన్నని ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి సూది గుచ్చినంత గుర్తే కనిపిస్తుంది, నొప్పి కూడా మొదట్లో పెద్దగా ఉండకపోవచ్చు, లోపల మాత్రం చేయి పాడవుతుంది. అలా జరిగితే కట్టుకట్టి పనిలో పడకుండా వెంటనే ఎంజీఎం లాంటి పెద్దాసుపత్రికి పోయి, డీజిల్ ప్రెషర్‌తో లోపలికి పోయిందని డాక్టర్‌కు స్పష్టంగా చెప్పాలి. లీకు వెతకడానికి చేయి అడ్డం పెట్టొద్దు, అట్టముక్క వాడాలి. ఇంజన్ ఆపి, స్కానర్‌లో రైల్ ప్రెషర్ సున్నాకు దిగిందని చూశాకే రెంచి పట్టాలి. స్టార్ట్ కాని బండికి ఎయిర్ క్లీనర్ దగ్గర పెట్రోల్ గుడ్డ పెట్టడం కూడా ఇంకా చూస్తున్నాను. హీటర్ ప్లగ్గులున్న ఇంజన్‌లో అది మంటతో ఆడుకోవడమే.

ట్యాంకులో నీళ్లు ఎలా వచ్చాయన్నది కూడా తేలాలి, లేకపోతే కొత్త పైపుకూ అదే గతి. కోతల రోజుల్లో పొలం దగ్గర ట్రాక్టర్ కోసం డ్రమ్ములో ఉంచిన డీజిల్‌నే పికప్‌లోనూ పోస్తుంటానని ఓనర్ చెప్పాడు. డ్రమ్ము ఆరుబయట నిలబెట్టి ఉంటుంది, మూత మీద వాన నీళ్లు నిలిచి బిరడా సందుల్లోంచి లోపలికి దిగుతాయి. పైగా వానాకాలం అంతా ట్యాంకు సగమే ఉంచి రాత్రుళ్లు ఆపడం వల్ల పై ఖాళీలో తేమ చెమ్మగా పట్టి కిందికి దిగుతుంది. ఫిల్టర్ కింద నీళ్లు వదిలే స్క్రూ ఉందని ఆయనకు ఎవరూ చెప్పలేదు. విప్పి చూపించాను, ఒక గ్లాసులోకి వదిలి నీళ్లు కింద ఎలా నిలుస్తాయో చూపించాను. డ్రమ్ము డీజిల్ పోయక తప్పకపోతే డ్రమ్మును షెడ్డు కింద పెట్టి, అడుగున కొంత వదిలేసి, పైనుంచే తోడి, సన్నని జాలీ గరాటులోంచి పోయమన్నాను. రాత్రి ఆపే ముందు ట్యాంకు నింపుకోమన్నాను.

మే నెలలో మిర్చి రాబడి తగ్గాక ఆయన మళ్లీ వచ్చాడు, ఇంజెక్టర్ పని కోసం. మధ్యలో బండి ఎక్కడా ఆగలేదు. ఆ రోజు కావాలనే ట్యాంకు పావు వంతు కిందికి దింపి తెమ్మన్నాను. ఇసుక బస్తాలతో పరీక్షిస్తే పూర్తి రేజ్‌లో అడిగింది, వచ్చింది మధ్య తేడా 30 బార్ దాటలేదు, పారదర్శక హోసులో ఒక్క బుడగ లేదు. మూడో ఇంజెక్టర్ విప్పి టెస్ట్ బెంచ్‌కు పంపి, వాల్వ్ సీటు బాగు చేయించి, కొత్త రాగి వాచరుతో బిగించాం. తర్వాత మళ్లీ సీసాలు పెడితే నాలుగూ దాదాపు సమానంగా వచ్చాయి. రీబిల్ట్ పంపును ఒక్క బోల్టు కూడా విప్పకుండా అలాగే ఉంచాం.